ఆక్సిడేజ్ పాజిటివ్, టీఎస్ఐ మొత్తం ఎరుపు: ‘సూడోమోనాస్’ అని రాయబోయిన ఒక బ్లడ్ కల్చర్

వార్డుల్లో రోజూ కనిపించే సూడోమోనాస్ బ్యాక్టీరియాగా పొరబడి, మెలియోయిడోసిస్ అనే జబ్బును ల్యాబు ఎలా జారవిడుచుకోబోయిందో చెప్పే కేసు ఇది. రోగి యాభై దాటిన వరి రైతు. ఊరు మిర్యాలగూడ వైపు, నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. వానాకాలం నాట్లప్పుడు రోజంతా కరిగెటలో ఉత్త కాళ్లతో పనిచేశాడు. ఏళ్ల తరబడి షుగర్ ఉంది, మందులు ఒకరోజు వేసుకుంటే రెండు రోజులు మానేస్తాడు. నాట్లయిన మూడు వారాలకు చలిజ్వరం పట్టుకుంది. మలేరియా, డెంగీ లేవన్నారు. విడాల్‌లో కాస్త టైటర్ కనబడిందని టైఫాయిడ్ కింద సెఫ్ట్రియాక్సోన్ ఏడు రోజులు ఇచ్చారు, తర్వాత అమికాసిన్ కూడా కలిపారు. జ్వరం దిగలేదు. అల్ట్రాసౌండ్ తీస్తే ప్లీహంలో నాలుగు చిన్న చీముగడ్డలు కనిపించాయి. అప్పుడు గానీ బ్లడ్ కల్చర్ (రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) పంపలేదు. రెండు చేతుల నుంచి, ఒక్కో సీసాకు 10 మిల్లీలీటర్ల చొప్పున తీశారు. రోగిని గుర్తుపట్టే వివరాలు ఇక్కడ తీసేశాం.

రెండు సీసాలూ రెండో రోజు పాజిటివ్ అయ్యాయి. గ్రామ్ స్టెయిన్‌లో సన్నని గ్రామ్ నెగెటివ్ బాసిల్లై (కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా) కనిపించాయి. కొన్నిటికి రెండు కొసలు ముదురుగా, నడుమ వెలిసిపోయి పిన్నీసులా ఉంది. ఈ పిన్నీసు రూపం మీద మరీ ఆధారపడకూడదు. స్మియర్ మందంగా ఉన్నా, కౌంటర్ స్టెయిన్ తక్కువసేపు ఉంచినా క్లెబ్సియెల్లా కూడా ఇలాగే కనబడుతుంది. కానీ షుగరు, వరి మడి, ప్లీహంలో గడ్డలు అని రిక్వెస్ట్ ఫారం మీద రాసి ఉన్నప్పుడు ఈ స్లైడ్‌ను తేలిగ్గా పక్కన పెట్టడానికి వీల్లేదు. ఇక్కడ చిక్కేమిటంటే ఫారం మీద ‘జ్వరం, కారణం తెలియదు’ అని మాత్రమే ఉంది. వృత్తి గడి ఖాళీ.

మొదటి రోజు ప్లేట్లు, మొదటి తప్పుదారి

24 గంటలకు బ్లడ్ అగార్ మీద మిల్లీమీటరు సైజు నున్నటి మీగడరంగు కాలనీలు వచ్చాయి, హీమోలిసిస్ లేదు. మెకాంకీ అగార్ మీద రంగులేని కాలనీలు, అంటే లాక్టోజ్‌ను పులియబెట్టనివి. మామూలు వరుసలో పరీక్షలు పెట్టారు. ఆక్సిడేజ్ (ఒక ఎంజైమ్ ఉందా అని చూసే రంగు పరీక్ష) పాజిటివ్. టీఎస్ఐ (మూడు చక్కెరలు, ఇనుము కలిపిన ట్యూబు)లో స్లాంట్, అంటే పై వాలు, ఎరుపు; బట్, అంటే అడుగు భాగం, కూడా ఎరుపే. గ్యాస్ లేదు, నలుపు (హైడ్రోజన్ సల్ఫైడ్ గుర్తు) లేదు. ఇండోల్ నెగెటివ్, సిట్రేట్ పాజిటివ్, చలనం ఉంది. చాలా ల్యాబుల్లో ఇక్కడే పెన్ను తీసి ‘సూడోమోనాస్ జాతి’ అని రాసేస్తారు. ఈ ఐదు ఫలితాలు నిజంగా చెప్పింది మాత్రం ఒక్క మాటే: ఇది గ్లూకోజ్‌ను పులియబెట్టని, ఆక్సిడేజ్ ఉన్న బాసిల్లస్. అది ఇంటిపేరు కూడా కాదు, వాడకట్టు పేరు.

ఇమ్విక్ వరుసను (ఇండోల్, ఎంఆర్, వీపీ, సిట్రేట్) ఎంటరోబ్యాక్టీరియా, అంటే ఈ.కోలై లాంటి పేగు బ్యాక్టీరియా కోసం కట్టారు. నాన్ ఫర్మెంటర్‌కు (చక్కెరను పులియబెట్టనిదానికి) ఎంఆర్, వీపీ పెట్టడమంటే ట్యూబులు దండగ చేసుకోవడమే. అందులో పనికొచ్చేది ఇండోల్ ఒక్కటే, అదీ ‘లేదు’ అని నిర్ధారించుకోవడానికి.

ఆక్సిడేజ్ మీద ఆధారపడే ముందు అది సరిగ్గా చేశారా అని చూడాలి, ఎందుకంటే తర్వాతి దారంతా దాని మీదే నడుస్తుంది. టెట్రామిథైల్ పారాఫినైలిన్ డయామైన్ డైహైడ్రోక్లోరైడ్ 1 శాతం ద్రావణం వాడతాం. ఫిల్టర్ పేపర్ మీద రెండు చుక్కలు వేసి, బ్లడ్ అగార్ మీది 18–24 గంటల కాలనీని ప్లాటినం లూప్‌తోనో, ప్లాస్టిక్ లూప్‌తోనో, చెక్క పుల్లతోనో రుద్దాలి. 10 సెకన్లలో ఊదారంగు వస్తేనే పాజిటివ్. 10 నుంచి 60 సెకన్ల మధ్య వస్తే ఆలస్యపు పాజిటివ్ అని రాసుకోవాలి. బర్ఖోల్డేరియా సెపేసియా గుంపులో అలా వచ్చేవి ఉన్నాయి. నిమిషం దాటాక వచ్చిన రంగును లెక్కలోకి తీసుకోకూడదు. నైక్రోమ్ తీగతో రుద్దితే లేని పాజిటివ్ వస్తుంది. మెకాంకీ కాలనీతో చేయకూడదు, అక్కడి ఆమ్లమూ రంగులూ ఫలితాన్ని పాడుచేస్తాయి. నల్లగొండ ఎండల్లో ఈ రీజెంట్ గది బల్ల మీద ఉంటే మధ్యాహ్నానికల్లా నీలం తిరుగుతుంది. నీలం తిరిగిన రీజెంట్ పారబోయాల్సిందే. 0.1 శాతం ఆస్కార్బిక్ ఆమ్లం కలిపి, ముదురు రంగు సీసాలో ఫ్రిజ్‌లో ఉంచితే కొన్నాళ్లు నిలుస్తుంది. కొత్తగా కలిపిన ప్రతిసారీ ప్రామాణిక స్ట్రెయిన్లయిన సూడోమోనాస్ ఎరుగినోసా ఏటీసీసీ 27853 పాజిటివ్ కంట్రోల్, ఈ.కోలై ఏటీసీసీ 25922 నెగెటివ్ కంట్రోల్.

టీఎస్ఐలో గ్లూకోజ్ 0.1 శాతమే ఉంటుంది, లాక్టోజ్, సుక్రోజ్ చెరో 1 శాతం. స్ట్రెయిట్ వైర్‌తో బట్ అడుగు దాకా గుచ్చి, అదే తీగతో స్లాంట్ మీద గీయాలి. మూత వదులుగా ఉంచి 18–24 గంటలకు చదవాలి. బట్ పసుపు కాలేదంటే పులియబెట్టే శక్తి లేదన్నమాట. ఆక్సిడేజ్ పాజిటివ్ అయి బట్ పసుపైతే అది ఏరోమోనాస్, విబ్రియోల దారి, ఈ కథ కాదు.

మందుల ప్లేటు చెప్పిన తిరకాసు

రెండో రోజు మందుల డిస్కులు పెట్టిన మ్యూలర్ హింటన్ ప్లేటు చూస్తే జెంటామైసిన్ చుట్టూ జోన్ (పెరుగుదల ఆగిన వలయం) లేదు, అమికాసిన్‌కూ లేదు. సెఫ్టాజిడిమ్‌కు, మెరోపెనెమ్‌కు పెద్ద జోన్లు. ‘అమినోగ్లైకోసైడ్లకు లొంగని సూడోమోనాస్’ అని రాసి పంపడానికి ఇక్కడ కూడా అడ్డేమీ లేదు. వార్డులో అలాంటివి రోజూ చూస్తూనే ఉంటాం కదా.

ఈ ప్లేటులో లేని రెండు డిస్కులే అసలు సంగతి చెప్పేవి. అమాక్సిసిలిన్ క్లావులనేట్‌కు సూడోమోనాస్ ఎరుగినోసా పుట్టుకతోనే లొంగదు, అందుకని సూడోమోనాస్ ప్యానెల్‌లో ఆ డిస్క్ పెట్టరు. కొలిస్టిన్ డిస్క్‌తో సున్నితత్వం చెప్పకూడదని ప్రమాణాలు మారాక చాలా ల్యాబులు ఆ డిస్క్ కొనడమే మానేశాయి. రెండు నిర్ణయాలూ మందు ఎంపిక వరకు సరైనవే. కానీ బ్యాక్టీరియాను గుర్తుపట్టే పనిలో ఈ రెండే కళ్లు, వాటినే తీసేశాం.

అందుకే ఆక్సిడేజ్ పాజిటివ్ నాన్ ఫర్మెంటర్ రక్తంలోనో, చీములోనో దొరికితే మూడు డిస్కుల ప్లేటు విడిగా పెట్టాలి: కొలిస్టిన్ 10 మైక్రోగ్రాములు (లేదా పాలీమిక్సిన్ బి 300 యూనిట్లు), జెంటామైసిన్ 10 మైక్రోగ్రాములు, అమాక్సిసిలిన్ క్లావులనేట్ 20/10 మైక్రోగ్రాములు. 0.5 మెక్‌ఫార్లండ్ (మసక కొలత) సస్పెన్షన్, 35 డిగ్రీలు, 18–20 గంటలు. ఈ కేసులో కొలిస్టిన్ అంచు దాకా పెరుగుదల ఉంది, జెంటామైసిన్ అంతే, క్లావులనేట్ చుట్టూ మాత్రం 25 మిల్లీమీటర్ల జోన్. సూడోమోనాస్ ఎరుగినోసాలో మామూలుగా కనిపించే దానికి ఇది పూర్తిగా తలకిందులు. కొలిస్టిన్‌కు లొంగక క్లావులనేట్‌కు లొంగిన ఆక్సిడేజ్ పాజిటివ్ బాసిల్లస్ అనగానే మనసులోకి రావాల్సిన పేరు బర్ఖోల్డేరియా సూడోమాలియై, మెలియోయిడోసిస్ తెచ్చేది. 1911లో రంగూన్‌లో విట్‌మోర్, కృష్ణస్వామి మొదట గుర్తించిన జబ్బు ఇది. మట్టిలో, నిలిచిన నీటిలో బతుకుతుంది; షుగర్ ఉన్నవాళ్లను వెతికి పట్టుకున్నట్టే పడుతుంది. జెంటామైసిన్‌కు లొంగే స్ట్రెయిన్లు కొన్నిచోట్ల ఉన్నాయి, కాబట్టి జెంటామైసిన్ ఒక్కదాన్ని చూసి కొట్టేయకూడదు.

ఈ అనుమానం వచ్చిన క్షణం నుంచి ప్లేట్లు బల్ల మీద ఉండకూడదు. క్యాబినెట్‌లోకి మార్చి, అంచులకు టేపు చుట్టి, మిగతా పనంతా రెండో తరగతి బయోసేఫ్టీ క్యాబినెట్‌లో గ్లోవ్స్‌తో చేశారు. కెటలేజ్ బుడగలు, వోర్టెక్స్, లూప్‌ను మంటలో చిటపటలాడించడం, ఇవన్నీ గాల్లోకి తుంపర్లు లేపే పనులు. ప్లేటు మూత తీసి వాసన చూసే పాత అలవాటు ఇక్కడ అసలు పనికిరాదు. మొదటి రోజు బయట పనిచేసినవాళ్ల పేర్లు రాసుకుని, ఎవరికి ఎంత ముప్పో డాక్టరు తేల్చాలి. ముప్పు ఎక్కువైతే కోట్రైమాక్సజోల్ 21 రోజులు ఇస్తారు.

ఆర్జినిన్, నైట్రేట్: రెండు తప్పులు కలిసి చూపిన మూడో పేరు

ఆర్జినిన్, లైసిన్ అనే అమినో ఆమ్లాలను, నైట్రేట్‌ను బ్యాక్టీరియా విరగ్గొడుతుందా అని డిస్కుల ప్లేటుకు తోడుగా పెట్టిన ట్యూబులు మొదటి దఫాలో ఇలా వచ్చాయి: ఆర్జినిన్ నెగెటివ్, లైసిన్ నెగెటివ్, నైట్రేట్ నెగెటివ్. కొలిస్టిన్‌కు లొంగదు, ఆర్జినిన్ లేదు అంటే చార్టు నేరుగా బర్ఖోల్డేరియా సెపేసియా గుంపు మీద వేలు పెడుతుంది. ఆ పేరు రాస్తే జరిగేది చిన్న నష్టం కాదు. సెపేసియా అంటే ఆసుపత్రి సెలైన్, యాంటిసెప్టిక్ సీసాలు కలుషితమయ్యాయేమోనని ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ వాళ్లు వెతుకులాట మొదలుపెడతారు. రోగికేమో రెండు వారాల మందుతో సరిపెడతారు.

ఆపింది లైసిన్. సెపేసియా గుంపులో ఎక్కువ వాటికి లైసిన్ పాజిటివ్, ఇక్కడ నెగెటివ్. పొంతన కుదరని ఒక్క ఫలితం ఉంటే దాన్ని ‘వేరియబుల్’ అని సర్దిచెప్పకుండా మిగతా ట్యూబులన్నీ మళ్లీ చూడాలి. చూస్తే రెండు తప్పులు దొరికాయి.

మొదటిది ఆర్జినిన్. ఈ పరీక్షకు వాడే మోలర్ బేస్‌లో లీటరుకు గ్లూకోజ్ అర గ్రాము, బ్రోమోక్రెసాల్ పర్పుల్, క్రెసాల్ రెడ్, కాస్త పైరిడాక్సాల్ ఉంటాయి. ఎల్-ఆర్జినిన్ 1 శాతం కలిపి పీహెచ్ 6.0కు తేవాలి. ఎంటరోబ్యాక్టీరియాలో ట్యూబ్ ముందు పసుపై, తర్వాత ఊదా తిరుగుతుంది. నాన్ ఫర్మెంటర్‌కు గ్లూకోజ్‌ను పులియబెట్టే శక్తే లేదు కాబట్టి ఆ పసుపు రాదు. ‘పసుపు కాలేదు, ముందున్న రంగులోనే ఉంది, కాబట్టి నెగెటివ్’ అని 24 గంటలకే చదివారు. పైగా ఒక కాలనీని లూప్‌తో అంటించి వదిలేశారు. నాన్ ఫర్మెంటర్ ఈ బ్రాత్‌లో మెల్లగా పెరుగుతుంది; ఎంజైమ్ చాలినంత ఉండాలంటే బ్రాత్ పాలనీళ్లలా మసకబారేంత కల్చర్ వేయాలి. పైన సెంటీమీటరు మందాన స్టెరైల్ లిక్విడ్ పారాఫిన్ పోయాలి. నూనె లేకపోతే గాలి తగిలి పెప్టోన్ విరిగి, ట్యూబ్ క్షారమై లేని పాజిటివ్ వస్తుంది. పక్కన ఆర్జినిన్ లేని బేస్ ట్యూబ్ తప్పకుండా ఉండాలి. నాన్ ఫర్మెంటర్‌లో చదివేది రంగును కాదు, రెండు ట్యూబుల మధ్య తేడాను. నాలుగు రోజుల దాకా రోజూ చూడాలి. రెండోసారి ఇలా పెడితే 48 గంటలకు ఆర్జినిన్ ట్యూబ్ ముదురు ఊదా, బేస్ ట్యూబ్ బూడిదరంగు. స్పష్టమైన పాజిటివ్. కంట్రోళ్లుగా సూడోమోనాస్ ఎరుగినోసా (పాజిటివ్), క్లెబ్సియెల్లా న్యుమోనియే (నెగెటివ్).

రెండోది నైట్రేట్. పొటాషియం నైట్రేట్ 0.1 శాతం బ్రాత్‌లో గ్యాస్ పట్టే చిన్న డర్హమ్ ట్యూబ్ తలకిందులుగా వేసి పెంచారు. సల్ఫానిలిక్ ఆమ్లం, ఆల్ఫా నాఫ్తైలమైన్ రీజెంట్లు ఐదేసి చుక్కలు వేశారు, ఎరుపు రాలేదు, నెగెటివ్ అని రాశారు. జింక్ వేయలేదు. ఎరుపు రాకపోవడానికి కారణాలు రెండు: నైట్రేట్‌ను అసలు ముట్టకపోవడం ఒకటి, నైట్రైట్‌ను కూడా దాటి నైట్రోజన్ వాయువు దాకా తీసుకెళ్లడం రెండోది. గోటి కొనంత జింక్ పొడి వేస్తే, నైట్రేట్ మిగిలి ఉంటే కొద్ది నిమిషాల్లో ఎరుపెక్కుతుంది, అప్పుడు నిజమైన నెగెటివ్. ఎరుపెక్కకపోతే నైట్రేట్ అంతా ఖర్చయిందని, అంటే పాజిటివ్. జింక్ ఎక్కువ వేస్తే అదే నైట్రైట్‌ను కూడా విరగ్గొట్టి రంగు రాకుండా చేస్తుంది, కొలత ముఖ్యం. ఈ ట్యూబులో జింక్ వేశాక కూడా రంగు రాలేదు. డర్హమ్ ట్యూబ్‌లో సగం దాకా గ్యాస్ బుడగ మొదటి నుంచీ ఉంది, ఎవరూ చూడలేదు.

ఇప్పుడు వరుస సరిపోయింది: ఆక్సిడేజ్ పాజిటివ్, ఆర్జినిన్ పాజిటివ్, లైసిన్ నెగెటివ్, నైట్రేట్ గ్యాస్‌తో పాజిటివ్, కొలిస్టిన్‌కు లొంగదు, క్లావులనేట్‌కు లొంగుతుంది.

చక్కెరలు, వేడి, ముడతలు

హ్యూ లైఫ్‌సన్ ఓఎఫ్ ట్యూబులు (చక్కెరను గాలితో ఆక్సీకరిస్తుందా, గాలి లేకుండా పులియబెడుతుందా అని చూసేవి; ఆమ్లం పుడితే ఆకుపచ్చ నుంచి పసుపు) మిగతా పోలికలు తెగ్గొట్టడానికి. బేస్‌లో పెప్టోన్ 0.2 శాతమే ఉంటుంది. ఎక్కువైతే పెప్టోన్ నుంచి వచ్చే క్షారం, చక్కెర నుంచి వచ్చే కొద్దిపాటి ఆమ్లాన్ని మింగేస్తుంది. 90 మిల్లీలీటర్ల బేస్‌ను ఆటోక్లేవ్ చేసి, 50 డిగ్రీలకు చల్లార్చి, ఫిల్టర్ చేసిన 10 శాతం చక్కెర ద్రావణం 10 మిల్లీలీటర్లు కలపాలి. లాక్టోజ్‌ను బేస్‌తో కలిపి ఆటోక్లేవ్ చేస్తే కొంత గ్లూకోజ్‌గా విరిగి, లేని పసుపు చూపిస్తుంది. ఒక్కో చక్కెరకు ఒకటే ట్యూబ్ చాలు, గ్లూకోజ్‌కు మాత్రం నూనె పోసిందీ, పోయనిదీ రెండు కావాలి. ఈ ఐసొలేట్ (రోగి నుంచి వేరుచేసిన బ్యాక్టీరియా) నూనె పోయని గ్లూకోజ్ ట్యూబ్‌ను పసుపు చేసింది, నూనె ట్యూబ్ ఆకుపచ్చగానే ఉంది. లాక్టోజ్, మాల్టోజ్, మానిటాల్ పసుపు. ఎరుగినోసా లాక్టోజ్‌ను ముట్టదు. అరబినోజ్ ఆకుపచ్చగానే ఉండిపోయింది. మట్టిలో ఉండే దగ్గరి చుట్టం బర్ఖోల్డేరియా థాయ్‌లాండెన్సిస్ అయితే అరబినోజ్ పాజిటివ్.

ఇక్కడ స్థానిక మాట ఒకటి. మన జిల్లాల బోరు నీళ్లలో ఫ్లోరైడుతో పాటు బైకార్బొనేట్లూ ఎక్కువ, నీళ్లు క్షారం వైపు ఉంటాయి. డిస్టిల్ వాటర్ అయిపోయిందని బోరు నీళ్లతో ఓఎఫ్ బేస్ కలిపితే పీహెచ్ 7.1 దగ్గర ఉండాల్సిన ఆకుపచ్చ మీడియం నీలంగా తేలుతుంది. బలహీనమైన ఆక్సిడైజర్ అందులో ఎన్నాళ్లున్నా పసుపు చూపదు. టీఎస్ఐకీ అదే నీళ్లు వాడితే ఎరుపు మీద ఎరుపే.

42 డిగ్రీల పెరుగుదల పాజిటివ్ వచ్చింది. కానీ ఎరుగినోసా కూడా పెరుగుతుంది, కనుక అది తేల్చేదేమీ లేదు. సూడోమోనాస్‌లోనే ఫ్లోరెసెన్స్, పుటిడా అనే రకాలను తోసేయడానికి మాత్రం పనికొస్తుంది. జెలటిన్ పరీక్షను చదివేముందు ట్యూబును ఫ్రిజ్‌లో అరగంట ఉంచాలి, పక్కన ఏ కల్చరూ వేయని ట్యూబును కూడా. 28 డిగ్రీలు దాటితే జెలటిన్ దానంతటదే కరుగుతుంది. మే నెలలో మన గదుల్లో అన్ని ట్యూబులూ పాజిటివే!

72 గంటలకు మెకాంకీ మీది కాలనీలు ఎండి, ముడతలు పడి, గులాబీ ఊదా రంగులో లోహపు మెరుపుతో కనిపించాయి. ముడతలు చూసి సూడోమోనాస్ స్టట్జెరీ అనుకునేవాళ్లున్నారు. దానికి ఆర్జినిన్ నెగెటివ్, కొలిస్టిన్‌కు లొంగుతుంది. బ్లడ్ కల్చర్‌లో స్టట్జెరీ అంటే కలుషితమని పక్కన పెట్టే ప్రమాదం వేరే ఉంది.

యంత్రం ఉన్న ల్యాబులకూ నిశ్చింత లేదు. గుర్తింపు పరీక్షల ఏపీఐ 20ఎన్ఈ పట్టీ ఈ బ్యాక్టీరియాను క్రోమోబ్యాక్టీరియం వయలేసియంగానో, సెపేసియాగానో చూపిన సందర్భాలున్నాయి. వైటెక్ 2 యంత్రం సెపేసియా అనగలదు. ప్రోటీన్ల బరువును బట్టి పేరు చెప్పే మాల్డీటాఫ్ యంత్రపు డేటాబేస్‌లో సూడోమాలియై లేకపోతే థాయ్‌లాండెన్సిస్ అంటుంది. ఆ మూడు పేర్లలో ఏది తెరమీద కనబడినా మూడు డిస్కుల ప్లేటు చూడకుండా సంతకం పెట్టకూడదు.

రిపోర్టు, తర్వాతి నమూనాలు

పూర్తి పేరు కోసం ఆగలేదు. డిస్కులు చదివిన సాయంత్రమే వార్డుకు ఫోన్: ‘డాక్టర్ గారూ, బర్ఖోల్డేరియా సూడోమాలియై అనుమానం, నిర్ధారణ రావాలి, అమికాసిన్ పనిచేయదు, సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ ఆలోచించండి.’ సెఫ్ట్రియాక్సోన్‌కు ల్యాబులో కాస్త లొంగినట్టు కనబడినా రోగిలో నమ్మదగ్గది కాదని కూడా చెప్పారు. ఇంట్రావీనస్ మందు కనీసం 10–14 రోజులు. ఇలా గడ్డలుంటే ఇంకా పొడిగిస్తారు. తర్వాత నోటి ద్వారా కోట్రైమాక్సజోల్ కనీసం మూడు నెలలు. సరైన మందు పడ్డా జ్వరం వారం దాటి సాగడం ఈ జబ్బులో మామూలు, మూడో రోజుకే మందు ఓడిందని మార్చేయకూడదని రిపోర్టు కింద ఒక లైను రాశారు. ఈ రోగికి జ్వరం పదో రోజు దిగింది.

సున్నితత్వ రిపోర్టులో సూడోమోనాస్ జోన్ల కొలతలు వాడకూడదు. ఈ జీవికి యూకాస్ట్ (సున్నితత్వ ప్రమాణాలు ఇచ్చే యూరప్ కమిటీ) 2020లో విడిగా డిస్క్ కొలతలు ఇచ్చింది. కోట్రైమాక్సజోల్ డిస్క్ చుట్టూ పలచటి పొర పెరుగుతుంది. దాన్ని లెక్కచేస్తే లేని రెసిస్టెన్స్ రాస్తాం. 80 శాతం పెరుగుదల ఆగిన చోట అంచు కొలవాలి.

మూత్రం సెంట్రిఫ్యూజ్ చేసిన మడ్డి, గొంతు స్వాబ్, సూదితో తీసిన ప్లీహపు చీము, ఈ బ్యాక్టీరియాను ఎంచి పెంచే యాష్‌డౌన్ అగార్ మీద పెట్టారు. తయారీ కష్టమేమీ కాదు: ట్రిప్టోన్ సోయా బేస్, గ్లిసరాల్ 4 శాతం, లీటరుకు క్రిస్టల్ వయొలెట్ 5 మిల్లీగ్రాములు, న్యూట్రల్ రెడ్ 50 మిల్లీగ్రాములు, ఆటోక్లేవ్ చేసి చల్లారాక జెంటామైసిన్ 4 మిల్లీగ్రాములు. ప్లేట్లు ఏడు రోజులు ఉంచాలి. చీములో మూడో రోజుకు ఊదారంగు ముడతల కాలనీలు వచ్చాయి, గొంతులో ఐదో రోజుకు. మూత్రంలో ఏమీ రాలేదు. మూడు రోజులకే ప్లేట్లు పారేసే అలవాటుంటే గొంతు స్వాబ్ నెగెటివ్ అయ్యేది.

నిర్ధారణకు కల్చర్ పంపేటప్పుడు మామూలు కొరియర్ డబ్బా కుదరదు. రవాణా నియమాల్లో ఈ బ్యాక్టీరియా కల్చర్ ‘కేటగిరీ A’లోకి, యూఎన్ 2814 నంబరు కింద వస్తుంది: మూడు పొరల ప్యాకింగ్, బయట గుర్తు, అందుకునే ల్యాబుకు ముందే ఫోన్. అక్కడ టైప్ 3 సెక్రిషన్ వ్యవస్థ జన్యువుకు చేసిన పీసీఆర్ పాజిటివ్ వచ్చింది. ఆ కాగితం చేతికొచ్చేసరికి రోగికి సెఫ్టాజిడిమ్ మొదలై ఎనిమిది రోజులైంది.

ఆ తర్వాత రిక్వెస్ట్ ఫారంలో ‘వృత్తి’, ‘షుగర్ ఉందా’ గడులు ఖాళీగా ఉంటే కౌంటర్ దగ్గరే ఆపి నింపిస్తున్నారు. కొలిస్టిన్ డిస్కుల వయల్ ఒకటి మైనస్ 20లో ఉంది, మూత మీద మార్కర్‌తో ‘మందు కోసం కాదు, పేరు కోసం’ అని రాసి.